బడి బయట వర్క్‌షాప్‌కి ఐదు పనులెందుకు? మట్టి ఒక్కటి చాలు

నమస్తే మేడమ్. మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. మీది తెలంగాణలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి 42 మంది పిల్లలు, మీరు కాక ఇంకొక టీచర్. పూర్వ విద్యార్థి ఒకాయన "పిల్లల్ని బడి బయటికి తీసుకెళ్లి చేతులతో ఏదైనా చేయించండి" అని 12,000 రూపాయలు ఇచ్చారు. సిటీ నుంచి ఈవెంట్ల వాళ్లు తలకి 300 చొప్పున, మూడు గంటల్లో ఐదు యాక్టివిటీలు చేయిస్తామన్నారు. స్లైమ్, టై అండ్ డై, కీచైన్, మాస్కుకి రంగులు, పొయ్యి లేని వంట. హెడ్‌మాస్టర్ గారు అటే మొగ్గుతున్నారు, మీకు మనసొప్పడం లేదు. ఒప్పుకోవాలా, మనమే చేసుకోవాలా, చేసుకుంటే ఏం చేయించాలి, పిల్లల భద్రత సంగతేంటి, దాత పేరుతో బ్యానర్ కట్టాలా అని అడిగారు.

సూటిగా చెప్తున్నాను, ఆ ప్యాకేజీ వద్దు. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఇంకా సారె తిప్పుతున్న కుమ్మరి ఉంటే ఆయన వాకిట్లో ఒక పూట కూర్చోండి. ఆ పూటంతా ఒకే పని పెట్టుకోండి, మట్టి పని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా ప్రాథమిక పిల్లలతో ఇవే చేయిస్తున్నాను. ఎన్ని రకాలు చూసినా చివరికి ఈ మాట దగ్గరే ఆగాను: పదార్థం ఒక్కటే ఉండాలి, సమయం ఎక్కువుండాలి.

ప్యాకేజీ లెక్క ఒకసారి చూడండి. మూడు గంటలంటే 180 నిమిషాలు, ఐదు పనులకి తలా 36 నిమిషాలు. లైన్లో నిలబెట్టడం, ఎలా చేయాలో చెప్పడం, సామాను పంచడం, చేతులు కడిగించి ఇంకో బల్ల దగ్గరికి తోలడం, వీటికి పదిహేను నిమిషాలు ఇట్టే పోతాయి. మిగిలిన ఇరవై నిమిషాల్లో మూడో తరగతి పిల్ల ఏదో ఒకటి పూర్తి చేసి చేత్తో పట్టుకుని ఫొటో దిగాలి. అలా కావాలంటే వాళ్లు అన్నీ ముందే కత్తిరించి, అచ్చు పోసి, గీతలు గీసి తేవాల్సిందే. పిల్లకి మిగిలేది గీత దాటకుండా రంగు నింపడం, ఫెవికాల్ రాయడం. 42 మాస్కులు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చేసినవాళ్లకే తెలియదు. వాళ్లు మోసం చేస్తున్నారని నేననడం లేదు. పుట్టినరోజు పార్టీకైతే బాగానే ఉంటుంది. కానీ మీ దాత అడిగింది వేరే కదా. స్లైమ్‌ని మాత్రం ఎవరు తెచ్చినా వద్దనండి. దాన్ని చాలామంది బోరాక్స్ కలిపి చేస్తారు, చర్మం మంట పుడుతుంది, చిన్నపిల్లలు ఆ చేతులే కళ్లకీ నోటికీ పెట్టుకుంటారు.

"అయితే ఏదైనా హస్తకళల ఊరికి తీసుకెళ్దామా" అని కూడా రాశారు. మంచి ఆలోచనే. కానీ ఊరు ఎంచుకునేముందు అది చూసే చోటా, చేసే చోటా అని అడిగి తెలుసుకోండి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క బొమ్మలు ఎంత అందంగా ఉంటాయో మీకు తెలుసు. అక్కడ అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు, తిరిగే కర్రకి లక్క అద్దితే ఆ వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. ఎనిమిదేళ్ల పిల్లాడిని ఆ మిషన్ దగ్గరికి పంపలేం. నోరు తెరుచుకుని చూస్తారు, పది నిమిషాలకి పక్కవాణ్ని గిల్లడం మొదలుపెడతారు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రని చెక్కడం కూడా పెద్దవాళ్ల పనే, పిల్లల దాకా వచ్చేది రంగులేయడం ఒక్కటే. పోచంపల్లిలో మగ్గం గుంటలో కూర్చుని నాడె ఒకటి రెండుసార్లు విసరనిస్తారేమో, అంతే. ఇవన్నీ హైస్కూలు పిల్లలకి చాలా మంచివి.

చేర్యాల మీకు ముప్పై కిలోమీటర్లేనన్నారు కాబట్టి దాని గురించి కాస్త చెప్పాలి. అక్కడి నకాషీ వాళ్లు, అంటే బొమ్మలు చేసి పటాలు గీసే కళాకారులు, ముఖాల్ని కొబ్బరి చిప్ప మీదో, రంపపు పొట్టులో చింతగింజల పిండి జిగురు కలిపిన ముద్దతోనో తయారుచేస్తారు. ఆ ముద్ద పూర్తిగా ఆరడానికి రోజులు పడుతుంది. కాబట్టి ఒక్క పూటలో మొదటి నుంచి చివరి దాకా పిల్లలు చేయడం కుదరదు. ఎవరైనా "పిల్లలతో చేర్యాల మాస్క్ చేయిస్తాం" అంటే, ఆరినవి తెచ్చి రంగులు వేయిస్తారని అర్థం. దాంట్లో తప్పు లేదు, తెలిసి వెళ్లండి అంటున్నాను. నన్నడిగితే చేర్యాల నుంచి ప్రాథమిక పిల్లలకి ముఖాల కన్నా పటం ఎక్కువ పనికొస్తుంది. ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద కథని అడ్డపట్టీలుగా గీసుకుంటూ పోతారు. కథ చెప్పేవాళ్లు దాన్ని ఒక్కో పట్టీ విప్పుతూ పాడతారు. మీ క్లాసులో చార్టులు అతికించి పొడుగు చుట్ట చేసి, మీ ఊరి కథని తలా ఒక పట్టీ గీయమంటే వారం రోజుల పని దొరుకుతుంది. అది ఇంకో నెలలో చేసుకోండి.

ఇప్పుడు మట్టి సంగతి. ప్రాథమిక పిల్లలకి ఇదే ఎందుకంటే, మట్టిలో తప్పు అనేది ఉండదు. కత్తిరించిన కాగితాన్ని మళ్లీ అతికించలేం, ఒలికిన రంగుని ఎత్తలేం. మట్టిని నలిపేసి మళ్లీ ముద్ద చేయొచ్చు. పదిసార్లు చేసినా అదనంగా పైసా ఖర్చు కాదు. మీ ఐదో తరగతి పిల్లకీ మూడో తరగతి పిల్లాడికీ ఒకే ముద్ద ఇస్తే ఎవరి స్థాయిలో వాళ్లు చేసుకుంటారు, తరగతుల వారీగా వేరే పని వెతకక్కర్లేదు. చదువులో వెనకబడ్డారని మనం లెక్కేసుకునే పిల్లలు ఇందులో చాలాసార్లు ముందుంటారు. ఇది మీకు మొదటి గంటలోనే కనిపిస్తుంది.

మట్టి ఎక్కడి నుంచి తేవాలి అనే ఆలోచన మీకొద్దు, కుమ్మరినే అడగండి. చెరువులో మట్టి ఉంది కదా అని పిల్లల చేత తవ్వించకండి. పూడిక తీసిన చెరువుల్లో, మొరం తవ్విన చోట్ల లోతు తెలియని గుంతలుంటాయి, నీళ్లు నిలిస్తే పైకి మడుగులాగే కనిపిస్తాయి. చెరువు మధ్యకి పిల్లల్ని తీసుకెళ్లే ఏ కార్యక్రమమైనా నా వరకు రద్దే. పైగా పూడిక మట్టి అంతా కుండకి పనికిరాదు. కుమ్మరి తెచ్చుకునే మట్టి వేరు. దాన్ని ఎండబెట్టి, గడ్డలు కొట్టి, రాళ్లూ వేర్లూ ఏరి, నానబెట్టి, పగుళ్లు రాకుండా ఇసుకో బూడిదో కలిపి, కాళ్లతో తొక్కి సిద్ధం చేస్తారు. పిల్లకి కిలో చొప్పున వేసుకుని, చేతిలో ఉండేందుకు ఇంకో పది కిలోలు చెప్పండి. అంటే యాభై కిలోల పైచిలుకు తొక్కిన మట్టి. రెండ్రోజుల ముందు చెప్తే తొక్కి, తడిగుడ్డ కప్పి ఉంచుతారు.

ముందురోజు సాయంత్రం మీరే వెళ్లి ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చపాతీ పిండి కన్నా కొంచెం గట్టిగా ఉండాలి. పెన్సిల్ అంత తాడులా పాకించి వేలికి చుట్టండి. పగలకుండా చుట్టుకుంటే సరిపోయింది. విరిగిపోతే ఇసుక ఎక్కువైనట్టో తడి చాలనట్టో, వేళ్లకి అంటుకుని వదలకపోతే నీళ్లెక్కువైనట్టు. గాజు పెంకులు, ముళ్లు లేవని రెండు చేతులతో పిసికి చూడటం కూడా అప్పుడే.

ఇక ఆ పూట. పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి పదకొండుకి ముగించండి. మధ్యాహ్న భోజనానికి బడికి తిరిగొచ్చేస్తారు, వంట చేసే అమ్మలకి ముందే ఒక మాట చెప్తే చాలు. నడిచి వెళ్లగలిగే దూరమైతే ఆటోలు మాట్లాడకండి, అందులోనే డబ్బులూ టెన్షనూ రెండూ పోతాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఏ రోజైనా మంచిదే.

నేల మీద పాత చీరలో గోనెసంచులో పరిచి, పిల్లల్ని ఆరేడుగురు చొప్పున గుండ్రంగా కూర్చోబెట్టండి. తలా ముద్ద ఇచ్చి, మొదటి పదిహేను నిమిషాలు ఏమీ చెప్పకండి. మనకిది చాలా కష్టం, చెప్పకుండా ఉండలేం. కానీ ఆ పదిహేను నిమిషాల్లో వాళ్లు మట్టిని కొడతారు, పొడుస్తారు, వాసన చూస్తారు, పాములూ లడ్డూలూ చేస్తారు. ఆ ఉబలాటం తీరాకే మాట చెవికెక్కుతుంది. అప్పుడు ఒక్క పద్ధతి చూపించండి. ఉండ చేసి, బొటనవేలు నడిమికి దించి, ముద్దని తిప్పుతూ లోపల బొటనవేలితో, బయట మిగతా వేళ్లతో అంచుని నొక్కుకుంటూ రావడం. చిన్న గిన్నె తయారవుతుంది. ఇదొక్కటి వస్తే దాన్ని బోర్లిస్తే తాబేలు, రెండు గిన్నెలు మూతులు కలిపితే బోలు బంతి, దానికి ముక్కు పెడితే పిట్ట. ఎవరికి ఏం చేయాలనిపిస్తే అది చేయనివ్వండి.

నీళ్ల దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. బకెట్టు మధ్యలో పెట్టారా, అయిపోయింది. అరగంటలో సగం మంది చేతుల్లో బురద ఉంటుంది, బొమ్మ నిలబడదు, ఏడుపు మొదలవుతుంది. గుంపుకి ఒక కొబ్బరి చిప్పలో నీళ్లు పెట్టండి, అది అయిపోతేనే ఇంకోటి. పగుళ్లొస్తే వేలి కొన తడిపి రుద్దితే చాలు. చెవులు, తోకలు, పిడులు అతికించాలంటే రెండు వైపులా పుల్లతో గీతలు గీకి, మధ్యలో పలచటి మట్టి జావ రాసి నొక్కాలి. ఊరికే అంటిస్తే ఆరాక రాలిపోతాయి. పుల్లలు, పాత దువ్వెనలు, గింజలు, ఆకులు, బాటిల్ మూతలు ఒక చోట పోసి పెట్టండి. ముద్రలు వేయడానికి వాళ్లే వెతుక్కుంటారు.

సారె గురించి. పిల్లలందరూ సారె ఎక్కాలనే వస్తారు, మీరు కూడా అదే ముఖ్యం అనుకుంటారు. 42 మందికి తలా మూడు నిమిషాలిస్తే 126 నిమిషాలు, అంటే రెండు గంటలకు పైగా క్యూ. పైగా తిరిగే మట్టిని నడిమికి తెచ్చి నిలపడం ఆ వయసు చేతులకి అందే పని కాదు. కుమ్మరి చేతులు పైన వేసి తనే చేసేస్తాడు, పిల్ల "నేనే చేశా" అనుకుంటుంది. అదీ ఒక ఆనందమే, కాదనను. అందుకే ఇలా చేయండి: మొదట అందరూ చుట్టూ కూర్చుని కుమ్మరి ఒక కుండ ఎత్తడం మొత్తం చూస్తారు. తర్వాత ఎవరి ముద్దల దగ్గరికి వాళ్లు. ఆ పని జరుగుతుండగా గుంపు తర్వాత గుంపుగా పిలిచి, తిరుగుతున్న మట్టిని తలా ఒక నిమిషం తాకనివ్వాలి. ఆడపిల్లల్ని మొదటి గుంపులో పిలవండి. కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు సారె ముట్టకూడదనే పట్టింపు ఇంకా ఉంది. అక్కడికెళ్లాక పిల్లల ముందు ఈ మాట రాకూడదు, ముందే మాట్లాడి తేల్చుకోండి.

మీరు, పక్క టీచరు, సాయానికొచ్చే తల్లులు పాటించాల్సిన నియమం ఒకటుంది. పిల్ల చేస్తున్న బొమ్మ మీద పెద్దవాళ్ల చెయ్యి పడకూడదు. ఎంత వంకరగా ఉన్నా, ఎంత అడిగినా సరే. ఒకసారి నాలుగో తరగతి పిల్లాడు బర్రెని చేస్తున్నాడు. పెద్ద పొట్ట, దానికి సన్నటి నాలుగు కాళ్లు. నిలబెట్టగానే కాళ్లు వంగి బర్రె కూలిపోతోంది. కాళ్లు తీసి లావు చేశాడు, మళ్లీ కూలింది. పక్కనున్న టీచరు పుల్లలు పట్టుకుని "ఇవి గుచ్చితే నిలబడుతుంది రా" అని వంగబోతే ఆగమన్నాను. వాడు బర్రెని చేతిలో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నాలుగు కాళ్లూ పొట్ట కిందికి మడిచేసి, మెడ పక్కకి తిప్పి కింద పెట్టాడు. "నెమరేస్తోంది సార్" అన్నాడు. నిజంగానే నెమరేస్తున్న బర్రెలాగే ఉంది, అంత బాగా నేను చేయలేను. పుల్ల గుచ్చి ఉంటే టీచరు బర్రె నిలబడేది, వాడి బర్రె పుట్టేది కాదు.

చెయ్యి వేయకుండా మరి ఏం చేయాలంటే, అడగండి. "ఇది దేని మీద ఆనుకుంది?", "ఇక్కడ బరువెక్కువైందా?", "వెనక వైపు ఎలా ఉంటుంది?" ఇలాంటివి. "అబ్బ, సూపర్" అని అందరికీ అంటూ పోతే ఐదు నిమిషాల్లో ఆ మాటకి విలువుండదు. ఫస్ట్, సెకండ్ ప్రైజులు అసలే వద్దు. "అందరూ వినాయకుణ్ని చేయండి" లాంటి ఆర్డర్లు కూడా వద్దు. పండగ ముందు అచ్చుల్లో మట్టి నొక్కించి వినాయకుల్ని తీయిస్తున్నారు చాలా బడుల్లో. పర్యావరణం కోసం అది మంచిదే, పిల్ల చేతికి మాత్రం అందులో పెద్దగా పని లేదు.

మందం ముందే చెప్పాలి, ఎందుకంటే కాల్చేటప్పుడు ఇదే అసలు సమస్య. ఎక్కడా బొటనవేలి కన్నా లావుగా ఉండకూడదు, బొమ్మ లావైతే కింద నుంచి తొలిచి బోలు చేయాలి. గట్టి ముద్ద లోపల తడి మిగిలిపోతే కాల్చినప్పుడు ఆవిరై బయటికి దారి లేక పగిలిపోతుంది, పగిలి పక్క పిల్లల బొమ్మల్ని కూడా పాడుచేస్తుంది. బొమ్మ అడుగున పేరు, తరగతి పుల్లతో పచ్చి మీదే రాయించండి. తర్వాత స్టిక్కర్లు అంటవు. నీడలో, గాలి మరీ తగలని చోట వారం పది రోజులు ఆరనివ్వాలి, ముసురు పడితే ఇంకా ఎక్కువ. ఎండలో పెడితే పైన ముందు ఆరి లోపల పచ్చిగా ఉండి నెర్రెలు విచ్చుతుంది. ఆరినవాటిని కుమ్మరి తన ఆవంలో కుండల మధ్య పెట్టి కాలుస్తాడు. కొన్ని పగులుతాయని పిల్లలకి మొదటి రోజే చెప్పండి. పగిలినవి కూడా పారేయకుండా తెచ్చి ఇవ్వండి, ఎక్కడ పగిలింది, ఎందుకు పగిలింది అని వాళ్లే చూస్తారు. ఒక కాల్చిన పెంకునీ, ఒక ఎండిన పచ్చి ముక్కనీ రెండు గ్లాసుల నీళ్లలో వేయండి. పచ్చిది కాసేపటికే విడిపోయి అడుగున బురదవుతుంది, కాల్చినది అలాగే ఉంటుంది. పరిసరాల విజ్ఞానం టీచరుగా మీకు ఇంతకన్నా తేలికైన పాఠం దొరకదు.

కుమ్మరితో మాట్లాడే పద్ధతి మీద రెండు మాటలు. ఆయన పూట పనికి, మట్టికి, కాల్చడానికి విడివిడిగా లెక్క కట్టి ముందే ఒప్పుకోండి. "పిల్లల కోసం కదా, ఫ్రీగా చేయండి" అనకండి. ఇంట్లో ఆవిడ చేసే పని కూడా అందులో కలవాలి, మట్టి సిద్ధం చేయడంలో, ఆరబెట్టడంలో సగం చాకిరీ ఆమెదే. ఉపన్యాసం ఇవ్వమని అడగొద్దు. ఆయన పని ఆయన్ని చేసుకోమనండి, పిల్లలే ప్రశ్నలడుగుతారు. ఆ ఇంటి పిల్లలు మీ బడిలోనే చదువుతుంటే ఇంకో జాగ్రత్త ఉంది. ఆ రోజు ఆ పిల్ల గర్వంగా ఉంటుంది, "మా నాన్న" అంటూ అన్నీ తనే చూపిస్తుంది. మనం "వీళ్ల కులవృత్తి" అని పరిచయం చేశామో, మర్నాటి నుంచి క్లాసులో ఆ పిల్లకి అదే పేరు. "ఈయన కుండలు చేయడంలో నేర్పరి, మనకి నేర్పుతారు" అనండి, చాలు. పిల్లలు ఆయన్ని సార్ అనే పిలవాలి.

భద్రతకి పెద్ద హంగామా అక్కర్లేదు, కొన్ని మాత్రం తప్పవు. హెడ్‌మాస్టర్ గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి సమాచారం ఇవ్వండి, తల్లిదండ్రుల సంతకాలు తెచ్చుకోండి. ఎనిమిది పది మందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. మీ ఇద్దరికీ తోడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని తల్లుల్ని ముగ్గుర్ని పిలవండి, సంతోషంగా వస్తారు. బాత్రూమ్ ఎక్కడో ముందే చూసుకోండి, ఆడపిల్లలు ఈ ఒక్క ఇబ్బందితో నీళ్లు తాగకుండా కూర్చుంటారు. చేతికి గాయమున్న పిల్లలకి శుభ్రమైన గుడ్డ కట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు తొడగండి. ఆయాసం ఉన్న పిల్లలుంటే ఎండిన మట్టి ఊడ్చే చోట ఉంచకండి, మీరు కూడా పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడిపించండి. ఆవం వెలిగించే రోజు పిల్లలెవరూ అక్కడ ఉండక్కర్లేదు. చల్లారాక విప్పే రోజు తీసుకెళ్లండి.

కుమ్మరి దొరకకపోతే? చాలా ఊళ్లలో ఇదీ నిజమే, సారె అటకెక్కింది. అప్పుడు ఆకు పని పెట్టుకోండి. మీ పిల్లల నాయనమ్మలూ తాతలే గురువులు. తాటాకుని రెక్కలుగా మడిచి తుమ్మముల్లు గుచ్చి పరుగెత్తితే గిర్రున తిరిగే గాలిమర, కొబ్బరాకు వాచీ, బూర, ఈతాకు అల్లిక, వేసవిలో అయితే ముంజలు తిన్నాక మిగిలిన కాయలతో రెండు చక్రాల బండి. యాభై దాటినవాళ్లలో ఇవి రానివాళ్లు మన పల్లెల్లో తక్కువ. తాటిమట్ట అంచు చెయ్యి కోస్తుంది, కోయడం పెద్దవాళ్లే చేసి ఆకు మాత్రం పిల్లలకివ్వాలి. ముల్లు కూడా పెద్దవాళ్లే గుచ్చాలి.

రంగుల పనైనా బాగుంటుంది. పసుపు నీళ్లతో గీసిన బొమ్మ మీద వంటసోడా నీళ్లు అద్దితే ఎర్రబారుతుంది. పారాణి రహస్యం అదే, అక్కడ సున్నం వాడతారు. పిల్లలకి మాత్రం సున్నం వద్దు, కంట్లో పడితే ప్రమాదం. శంఖుపుష్పం నీలిరంగులో నిమ్మరసం పిండితే గులాబీ వైపు తిరుగుతుంది. మోదుగుపూలు దొరికే రోజుల్లో వాటిని నానబెడితే నారింజ రంగు వస్తుంది. వేపపుల్ల కొన నమిలితే కుంచె తయారు. ఇక వానపడి బయటికి వెళ్లలేని రోజుకి అరవింద్ గుప్తా గారి బొమ్మలున్నాయి. పనికిరాని వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయడం ఆయన జీవితమంతా చేసిన పని, 2018లో పద్మశ్రీ ఇచ్చారు. సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలూ అగ్గిపుల్లలూ కలిపి త్రిభుజాలూ ఘనాలూ కట్టే పద్ధతి మీ ఐదో తరగతికి సరిగ్గా సరిపోతుంది. ఆయన వెబ్‌సైట్లో అన్నీ ఉచితమే, తెలుగులో కూడా కొన్ని ఉన్నాయి.

హెడ్‌మాస్టర్ గారిని ఒప్పించడానికి ఏం చెప్పాలంటారా. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు అని పేర్లతో సహా రాసింది. మనది ప్రాథమిక పాఠశాల కాబట్టి అది మనకి నేరుగా వర్తించదు, కానీ పైతరగతుల్లో చేయాల్సినదానికి ఇక్కడే అలవాటు చేస్తున్నామని చెప్పొచ్చు. నో బ్యాగ్ డే రోజు పెట్టుకుంటే టైమ్‌టేబుల్ గొడవ కూడా ఉండదు. "తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కలు నేర్పే ప్రభుత్వ కార్యక్రమం) టైం పోతుంది" అంటే, మర్నాడు పిల్లలు తాము చేసినదాన్ని వరస తప్పకుండా నోటితో చెప్తారని, అది భాషాభ్యసనమేనని చెప్పండి. వ్యాసం మాత్రం రాయించకండి. వెళ్లొచ్చిన ప్రతిదానికీ వ్యాసం రాయాలంటే పిల్లలు వెళ్లడమే మానుకుంటారు.

డబ్బు లెక్కకొస్తే, ప్యాకేజీకి 300 చొప్పున 42 మందికి 12,600, అంటే మీ దగ్గరున్న డబ్బుకి ఇంకో 600 కలపాలి. మా వైపు రేట్లతో చూస్తే కుమ్మరి దంపతుల పూటకి 3,000, మట్టికి 1,000, కాల్చడానికి 1,000, పిల్లలకి అరటిపళ్లు, పల్లీపట్టీలకి 1,000. మొత్తం 6,000. మిగిలిన సగంతో సంచులూ టోపీలూ కొనకండి. పది పదిహేను రోజుల తర్వాత అదే వాకిట్లో, అదే మట్టితో ఇంకో పూట పెట్టండి. ఈ రెండో పూట కోసమే నేనింత పొడుగు రాశాను. మొదటి రోజు పిల్లలు పాము, లడ్డు, శివలింగం, పొయ్యి చేస్తారు, అందరివీ దాదాపు ఒకేలా ఉంటాయి. మట్టి ఏం ఒప్పుకుంటుందో, ఏం ఒప్పుకోదో తెలిశాక, మధ్యలో ఆలోచించుకోవడానికి రోజులు దొరికాక, రెండోసారి వచ్చినప్పుడు ఒక్కొక్కరూ ఏం చేయాలో మనసులో పెట్టుకుని వస్తారు. బోరింగు దగ్గర బిందెల వరస, ఆర్టీసీ బస్సు, నిద్రపోతున్న తాత, ఇలాంటివి రెండో పూటలోనే వస్తాయి. మొదటి పూట చేసిన బొమ్మ ఆవంలో పగిలిపోయిన పిల్లలకి కూడా ఇంకో అవకాశం దొరుకుతుంది.

చివరిగా బ్యానర్ అడిగారు. కట్టాలనుకుంటే కట్టండి, డబ్బిచ్చినాయన పేరు రాయడంలో తప్పేముంది. కాకపోతే ఫ్లెక్సీ కన్నా ఆయన్నే ఆ పూటకి పిలిస్తే మేలు. కుర్చీ వేయకండి, శాలువా తేకండి. పిల్లల పక్కన కింద కూర్చోమని ఆయనకీ ఒక ముద్ద ఇవ్వండి, ఫొటో అక్కడే తీయండి. ఇంకో విషయం, చేతులు కడుక్కోకముందే తీయండి. ఆయనకి ఎలాగూ అదే ఫొటో నచ్చుతుంది, రెండో పూటకి తక్కువైతే అడగడం కూడా తేలికవుతుంది.